కళ్ళకద్దుకున్న కాగితాలు

మాబున్ని ప్రొద్దుటూరు మున్సిపల్ బడిలో ఏడో తరగతి దాకా చదువుకుంది. తెలుగు గడగడా చదువుతుంది. ఖురాన్‌లోని చిన్న సూరాలు నోటికి వచ్చు గానీ, అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం మాత్రం రాదు. అయినా ఆ అక్షరాలున్న కాగితం నేలమీద కనబడితే చాలు, ఎంత పనిలో ఉన్నా వంగి తీసి, కళ్ళకద్దుకుని, బీరువా పైన పెట్టేది. సౌదీలోని రాబిగ్ వచ్చాక ఈ అలవాటుతో పెద్ద చిక్కే వచ్చిపడింది. ఈ దేశంలో పాల డబ్బా మీదా అవే అక్షరాలు, సబ్బు కాగితం మీదా అవే అక్షరాలు, కోడి మాంసం కట్టిచ్చే సంచి మీదా అవే. "ఇవన్నీ కళ్ళకద్దుకుంటా కూచుంటే వంటెప్పుడు చేస్తావే" అని మొగుడు దస్తగిరి నవ్వేవాడు. వచ్చిన కొత్తలో ఆమె నిజంగానే సబ్బు కాగితాలు కూడా దాచింది. తర్వాత తర్వాత అచ్చేసిన వాటిని వదిలేసి, చేత్తో రాసినవాటికి మాత్రం ఆ మర్యాద మిగిల్చుకుంది. మనిషి కూర్చుని కష్టపడి రాసింది మంచి మాటే అయ్యుంటుందని ఆమె నమ్మకం.

ఈ ఏడాదంతా కూతురు ఫర్హీన్ బల్ల చుట్టూ అలాంటి కాగితాలు కుప్పలు పడ్డాయి. ఆ పిల్ల ఇంట్లోనే ఉండి ఒక విదేశీ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతోంది. మొదలుపెట్టి చాలా కాలమైంది. మధ్యలో మాబున్నికి వెన్నుకు ఆపరేషన్ అయి మంచానపడితే, పుస్తకాలు మూసేసి తల్లికి నీళ్ళుపోసి, తండ్రికి క్యారియర్ కట్టి, ఇల్లంతా తనే మోసింది. ఇప్పుడు గడువు నెత్తిమీదికొచ్చింది. ఈ విడతలో మిగిలిన క్రెడిట్లు రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నాళ్ళూ పాసైనవన్నీ గాలికి పోతాయి. మిగిలినవి భాషల క్రెడిట్లే.

ఆ యూనివర్సిటీలో ఒక మంచి పద్ధతి ఉంది. భాష ఎక్కడ నేర్చుకున్నావు, ఎవరు నేర్పారు అని అడగరు. సొంతంగా నేర్చుకుని పరీక్షలో నెగ్గితే, క్లాసులో కూర్చుని నేర్చుకున్నవాళ్ళతో సమానంగా క్రెడిట్లు ఇస్తారు. ఫర్హీన్ ముందు ఆ జాబితాలో తెలుగు ఉందేమోనని వెతికింది. లేదు. అరబ్బీ క్రెడిట్లు మొదట్లోనే వాడేసుకుంది. అప్పుడు హీబ్రూ పట్టుకుంది. అరబ్బీ వచ్చినవాళ్ళకు అది చుట్టాలింటికి పోయినట్టుంటుందని ఆ పిల్ల అనేది. ఇల్లంటే ఇక్కడ బైత్, అక్కడ బయిత్. అక్షరాలు వంటబట్టాక, అవే అక్షరాలతో రాసే ఇంకో భాష ఉందని తెలిసి దాన్నీ పట్టుకుంది. దాని పేరు యిడ్డిష్. ఒకటికి రెండు భాషలైతే కావలసిన క్రెడిట్లు నిండుతాయి.

ఆ రెండో భాష మాబున్నికి కూడా నచ్చింది. ఫర్హీన్ కంప్యూటర్‌లో ఎవరెవరో ముసలమ్మల గొంతులు పెట్టుకుని వినేది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ మాబున్ని కూడా ఒక చెవి అటు వేసేది. ఒకరోజు ఒక ముసలామె ఆపకుండా ఏదో దంచిపారేస్తుంటే, "ఏందే పాపా, యాడో కోడల్ని తిడతాండేట్లుండాదే" అంది.

"కోడల్నే అమ్మా. కూరలో ఉప్పెక్కువేసిందంట."

"చూస్తివా. భాష రాకపోయినా తిట్టు తెలుస్తాది."

అప్పుడే ఫర్హీన్ చెప్పింది. వీళ్ళు నమాజు లాంటిది చేసుకునేదంతా హీబ్రూలోనట. ఇంట్లో మాత్రం యిడ్డిష్ మాట్లాడుకునేవాళ్ళట. ఇంటి భాషలో నోరు తెరిస్తే వాళ్ళలోనే పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఇదేం భాష, ఇదొక భాషేనా అని ఎగతాళి చేసేవాళ్ళట. మాబున్ని కత్తి పక్కన పెట్టి కూతురి వైపు చూసింది.

"మన మాదిరే" అంది.

మన మాదిరి అంటే దూదేకులవాళ్ళ మాదిరి. మాబున్ని తాతలు దూది ఏకినవాళ్ళు. నమాజు, ఉపవాసం, పేర్లు అన్నీ సాయిబులవే. ఇంట్లో మాత్రం తెలుగే. పుట్టిన దగ్గర్నుంచీ ఆమె ఈ ఎగతాళి వింటూనే ఉంది. ఉర్దూ రాని తురకలేందమ్మా అని అటువాళ్ళు, సాయిబులై ఉండి ఇంత చక్కని తెలుగేందమ్మా అని ఇటువాళ్ళు. ప్రొద్దుటూరులో సరే, సముద్రం దాటి వచ్చినా ఆ నవ్వు వెంటే వచ్చింది. కంపెనీవాళ్ళు ఇచ్చిన క్వార్టర్లలో హైదరాబాదు ఆడవాళ్ళు ఎక్కువ. వాళ్ళలో పెద్ద దిక్కు, అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచే మేరాజ్ బేగం.

మేరాజ్ బేగం ఎం.ఏ. చదివింది. ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తన హాల్లో ఆడవాళ్ళకు ఖురాన్ చదవడం నేర్పుతుంది. మనిషి చెడ్డది కాదు, ఎవరికి జ్వరం వచ్చినా జావ కాచి పంపుతుంది. ఆ జావ సంగతి మాత్రం ఏడాది పొడుగునా గుర్తుచేస్తుంది. పరీక్షకు పక్కన కూర్చుని చూడటానికి బంధువు కాని మనిషి, డిగ్రీ ఉండి బడిలో పనిచేసే మనిషి కావాలని యూనివర్సిటీ అడిగితే, ఫర్హీన్ పోయి ఆమెనే అడిగింది. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఎన్ని గంటలు కూర్చోవాలి, కుర్చీ మెత్తగా ఉంటుందా అని అడిగింది గానీ, పరీక్ష ఏ భాషలో అని అడగలేదు. ఇంగ్లీషే అయ్యుంటుందనుకుంది. ఫర్హీన్ ఏదీ దాచలేదు, ఆమె అడగలేదు, అంతే.

ఇక జరిగింది ఇది. మాబున్ని ఇల్లు దులుపుతూ బీరువా పైన కాగితాలన్నీ తీసింది. చినిగిన ఖురాన్ పేజీలు, పిల్లల అరబ్బీ వాచకాలు ఎవరింట్లో ఉన్నా మేరాజ్ బేగానికి ఇస్తే, ఆమె వాటిని పోగుచేసి మసీదు దగ్గర మర్యాదగా అప్పగించడానికి పంపిస్తుంది. మాబున్ని తన మూట కూడా కట్టింది. కూతురు రాసి పారేసిన కాగితాలన్నీ, ఏడాది పొడుగునా ఒక్కొక్కటే కళ్ళకద్దుకుని దాచినవి, ఆ మూటలోనే పెట్టింది. అక్షరాలు కాస్త పలకలు పలకలుగా ఉన్నాయని ఆమె గమనించకపోలేదు. కుడి నుంచి ఎడమకు రాసింది, చేత్తో రాసింది, తన బిడ్డ రాసింది. ఇంకేం కావాలి?

మర్నాడు సాయంత్రం హాలు నిండా ఆడవాళ్ళు కూర్చుని ఉండగా మేరాజ్ బేగం ఆ మూట విప్పింది.

"మాబున్నీ, ఇవి నువ్వే పంపినవా?"

"నేనే ఆపా."

"కళ్ళకద్దుకుని పంపినవా?"

"ఎప్పుడూ అంతే గదా ఆపా."

ఎవరో కిసుక్కుమన్నారు. మేరాజ్ బేగం ఒక కాగితం రెండు వేళ్ళతో పైకెత్తింది. "ఇది ఏం జబానో ఎరికేనా నీకు? యహూదీలది, యూదులది. టీవీల రోజూ ఏం చూస్తున్నం మనం? వాళ్ళ బాంబులకు పసిపోరలు చచ్చిపోతుంటే ఏడుస్తున్నం గదా. కాగితం మీద ఇంగ్లీషుల పరీక్ష పేరు గూడ ఉన్నది, నీ బిడ్డ ఇంట్ల కూసొని వాళ్ళ జబాన్ నేర్చుకుంటున్నది. నువ్వేమో దాన్ని కళ్ళకద్దుకుని ఖురాన్ కాగితాలల్ల కలిపి నాకు పంపినవ్. దీనికి నేను పరీక్షల కూసోవాల్నా?"

ఆ టీవీ ముందు మాబున్ని కూడా ఏడ్చింది. అన్నం ముద్ద దిగక కంచం తోసేసిన రోజులున్నాయి.

"మీ దూదేకులోళ్ళతోని ఇదే తిప్పలు" అని మేరాజ్ బేగం కొంచెం గొంతు మెత్తబరిచి అంది. అలా మెత్తబరచడమే ఎక్కువ మండించింది. "ఉర్దూ సక్కగ రాదు, అరబ్బీ సక్కగ రాదు. ఏది మనదో, ఏది కాదో ఎట్ల తెలుస్తది, పాపం."

ఆ పాపం అన్న మాటకు హాల్లో అందరూ తలలూపారు. మాబున్ని మూట చంకన పెట్టుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి ముందు కూతురి మీదే పడింది. "నాతో కళ్ళకద్దించినావు గదే" అని మూట బల్ల మీద పడేసింది. "నలుగుర్లో నా మొహాన ఉమ్మినంత పని చేసిరి. ఒక్క మాట చెప్పి చావకూడదా?"

"చెప్పినా గదమ్మా. హీబ్రూ అని చెప్పినా. నువ్వు ఊఁ అన్నావు."

అది నిజమే. చెప్పింది. మాబున్నికి హీబ్రూ అంటే అదొక భాష, అంతే. ఎవరిదో ఏమిటో అడగలేదు.

"ఏం రాసినావు వీట్లో?"

"ఏముంటాయమ్మా. ఇల్లు, నీళ్ళు, రొట్టె. అమ్మ రొట్టె చేస్తాంది. నేను ప్రొద్దుటూరులో పుట్టినా. ఇట్లాంటివే. నీ పేరు కూడా రాసినా, ఇదో." ఫర్హీన్ ఒక కాగితం తీసి వేలు పెట్టి చూపించింది. తర్వాత మెల్లగా అంది. "వాళ్ళు కూడా అంతేనమ్మా. దేవుడి మాటలున్న పుస్తకం కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు. చినిగిపోయినవి పారెయ్యరు, మట్టిలో పెడతారు."

మాబున్ని కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ పని లోకంలో తమ ఇళ్ళల్లోనే చేస్తారనుకుంది. ఆ ముసలమ్మలెవరో కోడళ్ళను తిట్టుకుంటూ వంగి, కాగితం ఎత్తి ముద్దు పెట్టుకోవడం ఆమెకు కళ్ళకు కట్టింది. అమ్మ రొట్టె చేస్తోందని రాసిన కాగితాన్ని కళ్ళకద్దుకుంటే తప్పేముంది? పిల్లలను చంపింది ఫిరంగులా, ఈ పలకల అక్షరాలా? కోపం కూతురి మీద నుంచి జరిగి, పోవలసిన చోటికి పోయింది. అక్కడ బాగా కుదురుకుంది.

దస్తగిరి పని నుంచి రాగానే తలుపు గట్టిగా వేశాడు. ప్లాంటులో మెయింటెనెన్స్ పని అతనిది. బస్సులోనే ఎవరో చెప్పేశారట. మొహం పాలిపోయి ఉంది.

"ఆ చదువు ఆపేయమను" అన్నాడు, కూతురు ఎదురుగానే ఉన్నా పెళ్ళాంతో. "మనల్ని పనికి తెచ్చుకున్న కఫీలు చెవిన పడితే, ఇక్కడుండే ఇకామా కాగితమే కొట్టేస్తాడు. దేశం వదిలిపొమ్మని ఖురూజ్ వేసి రేపే పంపిస్తారు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"అందరూ అంటాండారు."

"అందరంటే ఎవురయ్యా? కఫీలు చెప్పినాడా? పోలీసులు చెప్పినారా? సౌదీవాడెవుడన్నా చెప్పినాడా?"

అతను చెప్పులు విప్పడానికి వంగాడు. మాబున్నికి ఒళ్ళు మండిపోయింది. "బస్సులో కూచున్న హైదరాబాదోడు చెప్తే నా బిడ్డ చదువు మానెయ్యల్లా? నా వెన్ను విరిగినప్పుడు దాని చదువు విరగ్గొట్టుకుని నన్ను లేపింది. అప్పుడు ఈ బస్సులోవాళ్ళు ఎవురొచ్చినారు? నువ్వు భయపడు, నీ ఇష్టం. నాకు మాత్రం చెప్పద్దు."

దస్తగిరి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మాబున్ని మాత్రం కసిగా తింది.

మేరాజ్ బేగం అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. తాను రానని చెప్పి ఊరుకోలేదు, యూనివర్సిటీకి తానే మెయిల్ పంపింది, ఈ అమ్మాయి పరీక్షకు తాను హామీ ఇవ్వలేనని. యూనివర్సిటీవాళ్ళు ఫర్హీన్‌కు రాశారు. వారంలోగా వేరే మనిషి పేరు పంపాలి, లేదంటే ఈ విడత పరీక్ష లేదు. ఈ విడత పరీక్ష లేదంటే ఇక డిగ్రీ లేదు. ఫర్హీన్ ఆ మెయిల్ చదివి వినిపించి, కంప్యూటర్ మూసి, గిన్నెలు తోమడానికి వెళ్ళింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాబున్నికి కొంచెం తేలికగా ఉండేది.

పక్క బ్లాకులో సరళ ఉంది. గుంటూరు వైపు మనిషి, భర్త ఇంజనీరు, ఆమె కూడా అదే స్కూల్లో సైన్సు టీచరు. మాబున్ని కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. సరళ కాఫీ ఇచ్చింది, అంతా ఓపిగ్గా విన్నది.

"నాకైతే ఏం ప్రాబ్లం లేదండీ, ఐ రియల్లీ అడ్మైర్ హర్" అంది. "కానీ మేరాజ్ మేడం మా స్కూల్ కోఆర్డినేటరు. పైగా మేము హిందువులం, ఇలాంటి సెన్సిటివ్ మ్యాటర్స్‌లో వేలు పెడితే రిస్కండీ. మా ఆయన అసలు ఒప్పుకోరు."

"మీ ఆయన్ను అడిగినారా?"

"అడగక్కర్లేదండీ, నాకు తెలుసు."

కాఫీ బాగుంది. మెట్లు దిగుతూ మాబున్ని, ఇంత మంచి కాఫీ ఇచ్చి ఇంత పిరికి మాట చెప్పినందుకు ఎక్కువ కోపం తెచ్చుకుంది. అందరూ మంచివాళ్ళే. అందరికీ పాప మీద అభిమానమే. అడ్డం పడింది ఒక్కరు, పక్కకు తప్పుకున్నది మిగిలినవాళ్ళంతా. ఈ రెంటిలో ఏది ఎక్కువ పాపమో ఆమెకు తేలలేదు.

ఊళ్ళో నౌఫ్ అనే సౌదీ ఆవిడ ఉంది. చిన్న పిల్లల బడి నడుపుతుంది. అంతకు ముందు ఏడు ఫర్హీన్ ఆమె మనవరాలికి ఇంగ్లీషు చెప్పింది. ఆ పేరు ఫర్హీన్ నోట వచ్చి, మళ్ళీ తనే వద్దులే అంది. "ఆమె సౌదీ అమ్మా. నాయన భయపడేది వీళ్ళకే గదా."

"అందుకే ఆమె దగ్గరికే పోదాం" అంది మాబున్ని. "పోతే ఇకామా పోతాది. పోకపోతే డిగ్రీ పోతాది. ఏది పోయినా ఎవుడో చెప్పిన మాటకు పోకూడదు. పోయేది మన కళ్ళెదురుగా పోవల్ల."

టాక్సీలో దారి పొడుగునా ఆమె కూతురికి ఒకటే చెప్పింది. సాయం తర్వాత అడుగు, ముందు ఆ భాష పేరు చెప్పు. చాటుగా ఉన్నందుకే కదా ఇంత రభస అయింది. చెప్పడానికి భయం వేస్తే, నేను చెబుతా.

నౌఫ్ బడి ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో ఎవరినో కేకలేస్తోంది. ఏసీలు పాడయ్యాయట. ఫోన్ పెట్టేసి గహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పోయించింది. ఫర్హీన్ అరబ్బీలో మొదలుపెట్టింది. హీబ్రూ పేరు వచ్చినప్పుడు మాబున్నికి ఆ ఒక్క ముక్కా అర్థమైంది, ఎందుకంటే ఆ పేరు రావలసిన చోట కూతురి గొంతు కొంచెం కిందికి దిగింది. మాబున్ని కప్పు కింద పెట్టి నౌఫ్ మొహం చూసింది.

నౌఫ్ ఏదో అడిగింది. ఫర్హీన్ జవాబు చెప్పింది. నౌఫ్ ఇంకేదో అడిగి, తల అడ్డంగా ఊపింది.

"ఏమంటాందే?" అని మాబున్ని గుసగుసగా అడిగింది.

"వాళ్ళ తమ్ముడి కొడుకు రియాద్‌లో ఇదే చదివినాడంట అమ్మా. యూనివర్సిటీలోనే చెప్తారంట. అది చదివితే వానికి ఉద్యోగం రాలేదంట, నీకొస్తాదా అని అడుగుతాంది."

"ఇంకా?"

"పరీక్ష ఏ రోజని అడిగింది. ఆ రోజు ఏసీ వాళ్ళు వస్తారంట, గోలగా ఉంటాదంట. వెనక గది ఇస్తానంటాంది."

అంతే. ఆ రెండు మాటల కోసం ఒక ఇల్లంతా తలకిందులైంది. నౌఫ్ పేరు, చదువు, బడి వివరాలు అక్కడికక్కడే ఫర్హీన్ ఫోన్‌లోంచి యూనివర్సిటీకి వెళ్ళాయి. గహ్వా ఇంకో కప్పు తాగమని బలవంతం చేసి, ఆవిడ మళ్ళీ ఏసీ వాడికి ఫోన్ చేసి తిట్లు లంకించుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో మాబున్ని ఏడ్చింది. సంతోషం కాదు. ఆమెకు ఒళ్ళంతా మంటగా ఉంది. ఈ దేశం వాళ్ళకు లేని బాధ, ఈ భాష పేరు చెప్పి నా బిడ్డ గొంతు నొక్కవలసిన అవసరం, మనవాళ్ళకు ఎక్కడ నుంచి వచ్చింది? ఎవడో కొడతాడేమోనని ముందే మన పిల్లను మనమే కొట్టుకుని చూపించే ఈ అలవాటు ఎవరు నేర్పారు? ఇంటికొచ్చి ఇదంతా దస్తగిరిని అడిగింది. అతను పరీక్ష రోజున తానే సెలవు పెట్టి తీసుకుపోతానన్నాడు.

తీసుకుపోయాడు కూడా. మాబున్ని బడి వరండాలో కూర్చుంది. ముందు గదుల్లో ఏసీ వాళ్ళు డ్రిల్లింగ్ మొదలుపెట్టగానే నౌఫ్ బయటికి వచ్చి ఒక కసురు కసిరి మళ్ళీ లోపలికి పోయింది. ఆఖరున నోటితో మాట్లాడే పరీక్ష. మూసిన తలుపు వెనక నుంచి ఫర్హీన్ గొంతు యిడ్డిష్‌లో వినబడింది. మాటలు తెలియవు. అయినా ఒక చోట, వంటింటి ముసలమ్మల గొంతులో ఉండే ఆ విసుగు, ఆ వెటకారం కూతురి గొంతులోకి వచ్చినప్పుడు మాబున్ని బుర్ఖా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏం చెప్పావే అని తర్వాత అడిగితే, మీ ఇంటి గురించి చెప్పమన్నారమ్మా, నీ గురించి చెప్పినా అంది.

రెండు భాషల్లోనూ నెగ్గింది. క్రెడిట్లు నిండాయి. డిగ్రీ చేతికొచ్చింది.

ఆ మాట క్వార్టర్లలో పాకాక అందరి నోళ్ళూ తిరిగాయి. సరళ కేకు తెచ్చింది. బస్సులో దస్తగిరికి ముబారక్‌లు చెప్పారట. మాబున్ని కేకు తీసుకుని థాంక్స్ చెప్పి, ముక్క కూడా నోట పెట్టకుండా ఫ్రిజ్‌లో తోసేసింది. ఇదంతా ఆమెకు ముందే తెలుసు. తెలియనిది ఏమిటంటే, రెండు వారాల తర్వాత డబుల్ కా మీఠా గిన్నెతో మేరాజ్ బేగం తలుపు తట్టడం.

కూర్చుంది. ఫర్హీన్‌ను దీవించింది. మీఠా ఎలా చేసిందో చెప్పింది. చాలాసేపు అటూ ఇటూ తిరిగి అసలు మాటకొచ్చింది. ఆమె కూతురు రేష్మా కూడా అలాంటి దూరవిద్యే చదువుతోందట. భాష క్రెడిట్ల దగ్గరే ఇరుక్కుందట. అరబ్బీ బాగా వచ్చు కాబట్టి, హీబ్రూ అయితే తొందరగా అందుతుందని ఎవరో చెప్పారట.

"ఫర్హీన్ కొంచెం చెప్తే పోరి గట్టెక్కుతది" అంది. "ఇషా నమాజ్ అయినంక, మంది అందరు పండుకున్నంక, వెనక మెట్ల దిక్కు నుంచి పంపిస్త. ఎవ్వరికి తెల్వది."

మాబున్ని లేచి నిలబడింది. వెన్ను నొప్పి కూడా తెలియలేదు.

"ఆపా, ఆ రోజు నీ హాల్లో మూట విప్పినప్పుడు ఎవురికీ తెలీకుండా విప్పినావా? నువ్వు మెయిలు పంపినప్పుడు నా బిడ్డ ఏమైపోతాదో నీకు తెలీదా? నువ్వు చదివినదానివి గదా, తెలుసు. తెలిసే పంపినావు. ఉర్దూ రాదు, అరబ్బీ రాదు, ఏది మనదో తెలీదు, పాపం అంటివి. ఇప్పుడు నీకు అవసరమొస్తే అదే భాష వెనక మెట్లెక్కి రావల్లనా? సిగ్గెట్ల లేకపోయ ఆపా నీకు?"

మేరాజ్ బేగం కొంగు సర్దుకుంది. "అప్పుడు హాలత్ వేరే ఉండె మాబున్నీ."

"హాలత్ ఏం మారలేదు. టీవీలో అదే ఏడుపు. మారింది నీ అవసరం."

"నేర్పిస్తా ఆంటీ" అంది ఫర్హీన్.

మాబున్ని గిర్రున తిరిగింది. "నోర్ముయ్ పాపా. నీకు బుద్ధుండాదా?"

"అమ్మా, రేష్మా నాకేం చేసింది? ఆ పిల్లకు కూడా గడువుంటాది. పరీక్ష రాయనీకుండా అడ్డం పడేవాళ్ళ పక్కన నన్ను కూర్చోబెట్టద్దు."

మాబున్నిని సొంత బిడ్డే అంత మాట అంది, అది నిజం కూడా. కోపం మాత్రం అణువంత తగ్గలేదు. తగ్గనక్కర్లేదని కూడా అప్పుడే అనిపించింది. కోపం ఉంచుకుని కూడా తలుపు తీయవచ్చు.

"సరే. నా బిడ్డ నేర్పిస్తాది" అంది. "ఇషా తర్వాత కాదు. వెనక మెట్లూ కాదు. అసర్ అయినాక, కింద బెంచీల మీద అందరూ కూచున్నప్పుడు, ముందు గేటు నుంచి రావల్ల. పుస్తకం సంచిలో కాదు, చేతిలో పట్టుకోని. నువ్వు పక్కనే నడవల్ల. కుదిరితే పంపు, లేదంటే నీ మీఠా నువ్వు తీసకపో."

మేరాజ్ బేగం గిన్నె వైపు చూసింది. దాన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

మర్నాడు అసర్ తర్వాత మాబున్ని మెట్ల మీద నిలబడింది. రాదనే అనుకుంది. బెంచీల మీద ఆడవాళ్ళు పిల్లలకు పండ్లు ఒలిచి పెడుతున్నారు, సముద్రం వైపు నుంచి ఉక్కగాలి వీస్తోంది. ముందు గేటు తెరుచుకుంది. రేష్మా పుస్తకాన్ని గుండెకు హత్తుకుని వస్తోంది, పక్కన తల్లి, తిన్నగా ముందుకే చూస్తూ. ఖురాన్ క్లాసుకు రోజూ వచ్చే ముసలావిడ ఒకామె చేయి చాపి రేష్మాను ఆపింది.

"ఏం చదువుతున్నవు బేటా, కొత్త పుస్తకమా?"

రేష్మా తల్లి మొహం చూసింది. మేరాజ్ బేగం పెదవులు తడుపుకుంది. ఏదో చెప్పింది గానీ, ముసలావిడకు వినబడక చెవి దగ్గర చేయి పెట్టుకుంది. బెంచీల మీదివాళ్ళంతా పండ్లు ఒలవడం ఆపి ఇటే చూస్తున్నారు.

"ఆమెకు వినపడలేదంట ఆపా" అంది మాబున్ని మెట్ల మీద నుంచి, ఒక్క మెట్టు కూడా కిందికి దిగకుండా. "కొంచెం గట్టిగా చెప్పు."